బలవంతపు ప్రజాస్వామ్యానికి చీరాల జవాబు

2001లో అఫ్గానిస్థాన్, 2003లో ఇరాక్, 2011లో లిబియా. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు పడినప్పుడూ ‘పాలన మార్పు’ అన్న మాట వినిపించింది. అది వినిపించిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే చర్చ లేస్తుంది. మతం నరనరానా పాతుకున్న సమాజాల్లో ప్రజాస్వామ్యాన్ని బలప్రయోగంతో నెలకొల్పవచ్చా? నెలకొల్పవచ్చు, జపాన్‌లో జరగలేదా అంటుంది ఒక పక్షం. ఆ జనానికి ప్రజాస్వామ్యం ఒంటదు, ఎంత ఖర్చుపెట్టినా బూడిదలో పోసిన పన్నీరే అంటుంది రెండో పక్షం. పైకి బద్ధవిరోధుల్లా కనిపించే ఈ రెండు వాదాల పునాది ఒక్కటే. ప్రజాస్వామ్యానికి అడ్డం వచ్చేది భక్తేనని రెండూ నమ్ముతాయి. దాన్ని తుపాకీతో లొంగదీయవచ్చా లేదా అన్న దగ్గరే వాటికి పేచీ.

ఈ నమ్మకం నిగ్గు తేల్చడానికి బాగ్దాద్ దాకా పోనక్కర్లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్యనున్న కృష్ణా డెల్టా ముక్క, దాని అంచునున్న చీరాల గత నూరేళ్లలో ఈ ప్రశ్నను పలు రూపాల్లో ఎదుర్కొన్నాయి. అడగకుండా నెత్తిన పడ్డ స్వపరిపాలనను, అమ్మవారి బలులు ఆపిన మున్సిపల్ ఉత్తర్వును, చట్టం రక్షించలేకపోయిన దళితవాడను ఈ నేల చూసింది. ఈ అనుభవాలను ప్రపంచ అనుభవం పక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: జనానికి ఎంత భక్తి ఉందన్నది అసలు ప్రశ్న కాదు. ఆజ్ఞ ఇచ్చేవాణ్ని, ఆ ఆజ్ఞ కింద బతికేవాళ్లు కుర్చీ దించగలరా లేదా అన్నదే ప్రశ్న.

అడగకుండా వచ్చిన మున్సిపాలిటీ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి చీరాల, పేరాల పక్కపక్కనున్న పెద్ద పల్లెలు. నేతగాళ్లు, రైతులు, చిన్నపాటి వర్తకులు, అంతా కలిపి సుమారు 15,000 జనం. చిన్న స్థానిక సంస్థ అయిన యూనియన్‌గా ఉన్నంతకాలం ఏడాదికి దాదాపు 4,000 రూపాయల పన్నుతో సరిపోయేది. ఊరు పెరుగుతోంది, పారిశుద్ధ్యం చాలడం లేదు కనుక మున్సిపాలిటీ చేయాలని 1919-20లో మద్రాసు ప్రభుత్వం తలపెట్టింది. పన్నుల భారం 40,000 దాకా పోతుందని లెక్క తేలింది. కాగితం మీద చూస్తే సర్కారు ఇస్తున్నది స్వపరిపాలనే. ఎన్నికైన కౌన్సిలర్లు ఉంటారు, చైర్మన్ ఉంటాడు, వీధి దీపాలూ మురుగు కాలువలూ వస్తాయి. మాకీ మున్సిపాలిటీ వద్దు మొర్రో అని జనం అర్జీలు పెట్టుకున్నారు. అవి బుట్టదాఖలయ్యాయి. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతమిచ్చి సొంత మనిషిని చైర్మన్‌గా కూర్చోబెట్టింది. పన్ను కట్టనివారి మీద కేసులు నడిచాయి. జైలుకు పోయినవారిలో రావూరి అలివేలుమంగమ్మ అనే ఆవిడ కూడా ఉన్నారు. ఎన్నికైన సభ్యులు లేని ఎన్నికల సంస్థ, ఓటరు వద్దంటున్న ఓటు హక్కు. నూరేళ్ల తర్వాత కాబూల్‌లో కనిపించిన వైపరీత్యం చీరాలలో అప్పుడే కనిపించింది.

ఆ ఉద్యమానికి నాయకుడు ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన వెంట నడిచిన వాలంటీర్ల దళం పేరు ‘రామదండు’. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీ రెండు దారులు చూపించారు: హింసకు దిగకుండా పన్ను నిరాకరించడం, లేదంటే ఊరే ఖాళీ చేయడం. పొలిమేర దాటితే మున్సిపల్ చట్టం వర్తించదు కదా! జనం రెండో దారి పట్టారు. 13,000 మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లతో, మగ్గాలతో ఊరి బయట తాటాకు పాకల్లోకి మారారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తగవులు తామే తీర్చుకున్నారు, కాపలా తామే కాసుకున్నారు, భజనలు చేసుకున్నారు. ఎండలకు మాడి, వానకు తడిసి దాదాపు 11 నెలలు అలాగే గడిపారు.

ఈనాటి విశ్లేషకుడెవరైనా ఆ దృశ్యం చూస్తే ఏమని రాసేవాడు? రాముడి పేరుతో జెండా ఎత్తిన ఛాందస మూక ఒకవైపు, మురుగు కాలువలు తవ్విస్తామంటున్న ఆధునిక ప్రభుత్వం మరోవైపు అనేవాడు. నిజానికి సభ చేసి చర్చించుకున్నది, నాయకుణ్ని తామే ఎంచుకున్నది, నష్టాన్ని అందరూ పంచుకుని ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టనిది ఆ భక్తజనమే. సమ్మతి లేకుండా పన్ను గుంజినది ఆధునికుడైన పాలకుడు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి జైలుకు పంపాక, చేతిలో డబ్బు అడుగంటాక, జనం 1922లో ఇళ్లకు తిరిగి వచ్చారు. మున్సిపాలిటీ నిలిచింది. బలం గెలిచిందనే చెప్పాలి. కానీ ఆ గెలుపుతో ప్రజాస్వామ్యం రాలేదు, పన్ను మాత్రం వచ్చింది. ఇప్పుడు చీరాల మున్సిపాలిటీ మాకొద్దని ఎవరూ అనరు. మధ్యలో ఊళ్లో రామాలయాలు తగ్గిపోలేదు, భజనలూ ఆగలేదు. కౌన్సిలర్ నచ్చకపోతే ఓడించే హక్కు వయోజనులందరి చేతికీ వచ్చింది. మారింది అదొక్కటే.

గంగానమ్మ బలులు, అవిశ్వాస తీర్మానం

అవతలి పక్షం వాదన కూడా వినాలి. సమ్మతి వచ్చేదాకా ఆగితే ఏ సంస్కరణా జరగదు, కొన్నిటిని పైనుంచి దించాల్సిందే అంటారు. దీనికి తెనాలి మంచి ఉదాహరణ. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1925లో తెనాలి మున్సిపల్ చైర్మన్ అయ్యారు. పురాణాలను తర్కంతో తూర్పారబట్టిన కవి ఆయన. ఏటా జరిగే గంగానమ్మ ఉత్సవంలో జంతుబలిని నిషేధించారు. కలరా, మశూచి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టే రోజులవి. అమ్మవారికి కోపం వస్తే గతేమిటన్న భయం జనానికి ప్రాణభయం. ఆ భయం మీద చేయి వేసిన ఉత్తర్వు అది. దాని ఫలితంగా చైర్మన్ మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. తర్వాత ఎన్నికల్లో ఆయన మళ్లీ అదే పదవికి వచ్చారు.

చీరాలకూ తెనాలికీ ఇక్కడే తేడా. విశ్వాసంలోకి చొరబడటం దగ్గర చూస్తే, చీరాల పన్ను కంటే తెనాలి బలినిషేధమే లోతుకు పోయింది. అయినా తెనాలి ఊరు విడిచి పోలేదు. కారణం, చైర్మన్ మీద కోపం వస్తే తీర్చుకునే దారి సభ లోపలే ఉంది. రామస్వామికి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే ఉత్తర్వుతో చేతులు దులుపుకోలేదు. నాటకాలు రాశారు, కావ్యాలు రాశారు, పెళ్లితంతును తెలుగులో రాసి స్వయంగా పెళ్లిళ్లు చేయించారు, ఊరూరా వాదించారు. తెనాలి, కొల్లూరు ప్రాంతంలో సాగిన స్వసంఘ పౌరోహిత్య ఉద్యమం కూడా దేవుణ్ని తీసేయమనలేదు, దేవుడికీ తమకూ మధ్య ఒక కులం పెత్తనం తీసేయమంది. భక్తుల్లోనుంచే వచ్చిన ఆ సమానత్వ వాదన గడప దాటి ఇళ్లలోకి వెళ్లగలిగింది.

ఆనాటి మద్రాసులో పానగల్లు రాజా ప్రభుత్వం చేసిన రెండు పనులను పక్కపక్కన పెట్టినా ఇదే తేలుతుంది. చీరాలలో ఒక మెట్టు దిగని ఆ ప్రభుత్వమే 1922లో హిందూ దేవాదాయ బిల్లును శాసనమండలిలో పెట్టింది. మఠాధిపతులు, ధర్మకర్తలు మతంలో జోక్యమంటూ గగ్గోలు పెట్టారు. మద్రాసు నుంచి ఢిల్లీ దాకా వాదనలు నడిచాయి. బిల్లు వెనక్కి వచ్చింది, మార్పులు చేసుకుంది, 1925లో చట్టమైంది, న్యాయవివాదాల నడుమ మళ్లీ తిరగరాసుకుంది. మున్సిపల్ పన్ను కంటే దేవుడి మాన్యాల మీద నియంత్రణే సున్నితమైన వ్యవహారం. అయినా అది నిలదొక్కుకుంది. వ్యతిరేకించినవాళ్లకు కూడా దాని తయారీలో నోరెత్తే చోటు దొరికింది.

మూడో వాదన ఎం.ఎన్.రాయ్‌ది. మనిషి ఆలోచన మారనిదే రాజకీయ విప్లవం నిలవదని, తాత్విక విప్లవమే ముందు రావాలని రాడికల్ హ్యూమనిస్టులు అన్నారు. ఆ నమ్మకంతోనే రాయ్ 1948లో తన పార్టీని తానే రద్దు చేశారు. ఆ భావాలకు తెలుగునాట గట్టి స్థావరం తెనాలి. అక్కడి న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి ఒక తరాన్నే ఆ దారిన నడిపించారు. తుపాకీ అక్కర్లేదు, వాదన చాలు అన్న మేరకు వారి మాట శిరోధార్యం. అయితే ముందు హేతుబుద్ధి, తర్వాత ఓటు అనే వరుస ప్రమాదకరం. 1992 జనవరిలో అల్జీరియా సైన్యం సరిగ్గా ఈ సాకుతోనే, ఇస్లామిక్ పార్టీ గెలవబోతోందని ఎన్నికలు రద్దు చేసింది. ఆ తర్వాత పదేళ్ల అంతర్యుద్ధంలో లక్షమందికి పైగా చనిపోయారు. 2013 జులైలో ఈజిప్టులో ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని సైన్యం దించినప్పుడు సెక్యులర్ మేధావులు చాలామంది చప్పట్లు కొట్టారు. వాళ్ల గొంతులు కూడా ఆ సైన్యం చేతిలోనే నొక్కుకుపోయాయి. మనమూ ఈ వరుస పాటించి ఉంటే 1951-52లో 17 కోట్ల పైచిలుకు ఓటర్లతో తొలి ఎన్నికలు జరిగేవే కావు. ఆ ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు, దాదాపు అందరికీ దేవుడున్నాడు.

బాగ్దాద్, కాబూల్, టోక్యో

ఇరాక్‌లో ప్రజాస్వామ్యం కోసం మొదట పట్టుబట్టింది ఎవరు? 2003 మేలో అమెరికా పాలనాధిపతి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులిచ్చాడు. ఒకటి బాత్ పార్టీవాళ్లను ఉద్యోగాల నుంచి తొలగించింది, రెండోది ఇరాకీ సైన్యాన్నే రద్దు చేసింది. లక్షలమంది ఆయుధం పట్టడం తెలిసిన మగవాళ్లు ఒక్క సంతకంతో వీధిన పడ్డారు. బ్రెమర్ మీద అవిశ్వాసం పెట్టే సభ ఇరాక్‌లో లేదు. రాజ్యాంగం రాసేవాళ్లను తామే ఎంపిక చేస్తామని అమెరికా అంటే, ఎన్నికైనవాళ్లే రాయాలని 2003 వేసవిలో ఫత్వా ఇచ్చింది నజఫ్‌లోని షియా మతపెద్ద అయతొల్లా సిస్తానీ. 2004 జనవరిలో బస్రా, బాగ్దాద్ వీధుల్లో వేలాదిమంది ఆ డిమాండ్‌తో నడిచారు. 2005 జనవరి 30న ఎన్నికలు జరిగాయంటే ఆ ఒత్తిడే కారణం. ప్రజాస్వామ్యం తెచ్చామన్నవాడు నామినేషన్ కోరాడు, భక్తుడు బ్యాలెట్ కోరాడు. అప్పటికే సైన్యం లేక, సున్నీలు ఎన్నికలకు దూరమై, దేశం నెత్తుటి మడుగైంది. 2019లో కర్బలా, నసిరియా వంటి షియా పట్టణాల యువకులే తమ మతం పార్టీల అవినీతి మీద తిరగబడి, వందలమంది ప్రాణాలు పోగొట్టుకుని, ప్రధాని అబ్దుల్ మహదీ చేత రాజీనామా చేయించారు. ఇరాక్‌లో నిజమైన ప్రజాస్వామ్య ఛాయ ఏదైనా ఉంటే అది ఆ వీధుల్లో కనిపించిందే.

అఫ్గానిస్థాన్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పునర్నిర్మాణం పేరిట అమెరికా దాదాపు 14,500 కోట్ల డాలర్లు కేటాయించింది. 2004లో రాజ్యాంగం, అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. కానీ జిల్లా గవర్నర్ మొదలు పోలీసు అధికారి దాకా కాబూల్ నియామకాలే. ఊళ్లో జనానికి తమకు తెలిసిన అధికారిని ఎన్నుకునే హక్కు లేదు, ఎన్నడూ కళ్లజూడని అధ్యక్షుణ్ని ఎన్నుకునే హక్కుంది. ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగం విదేశీ సాయం కావడంతో పాలకులు లెక్క చెప్పాల్సింది పన్ను కట్టే అఫ్గాన్‌కు కాదు, డబ్బిచ్చే దేశాలకు. 2019 అధ్యక్ష ఎన్నికల్లో 97 లక్షల నమోదిత ఓటర్లలో లెక్కకు వచ్చినవి 18 లక్షల ఓట్లు. 2020 ఫిబ్రవరిలో దోహాలో తాలిబాన్లతో అమెరికా ఒప్పందం చేసుకున్నప్పుడు ఎన్నికైన అఫ్గాన్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీయే లేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోవడం చూసి ప్రపంచం నివ్వెరపోయింది. ఎన్నికల సంగతి అంతకు ముందే తేలిపోయింది. 2015 డిసెంబరులో మన ప్రధాని ప్రారంభించిన, భారత్ డబ్బుతో కట్టిన పార్లమెంటు భవనం కాబూల్‌లో ఉంది. అందులో కూర్చోవలసిన పార్లమెంటు లేదు.

మరి జపాన్? ఆక్రమణ సమర్థకులు ఎప్పుడూ చూపే ఉదాహరణ ఇది. జపాన్‌కు 1890 నుంచీ పార్లమెంటు ఉంది. 1925లోనే వయోజన పురుషులందరికీ ఓటు హక్కు చట్టం వచ్చింది. పార్టీలు, పత్రికలు, అక్షరాస్యులైన ఓటర్లు, పనిచేసే ఉద్యోగస్వామ్యం యుద్ధానికి ముందే ఉన్నాయి. సైనిక ముఠా కమ్మేసిన వ్యవస్థను ఆక్రమణ సేనల అధిపతి, అమెరికా జనరల్ మెకార్థర్ తిరిగి తెరిచాడు. 1945 డిసెంబరులో షింటో మతానికీ ప్రభుత్వానికీ ముడి తెంపాడు గానీ, గుళ్లను మూయించలేదు, చక్రవర్తిని సింహాసనం దించలేదు. ఆ దేశపు ఉద్యోగులనే వాడుకున్నాడు. జర్మనీకి కూడా హిట్లర్‌కు ముందటి వైమార్ గణతంత్ర అనుభవముంది. విదేశీ జోక్యంతో వచ్చిన పాలన మార్పులను పరిశీలించి 2013లో అలెగ్జాండర్ డౌన్స్, జొనాథన్ మాంటెన్ తేల్చింది కూడా ఇదే. సంపద, కొంత సామాజిక ఏకత, గత ప్రజాస్వామ్య అనుభవం ఉన్నచోటే అలాంటి మార్పు ఫలించింది. అవి లేనిచోట తుపాకీ సాధించింది దాదాపు శూన్యం.

భక్తే అడ్డమన్న వాదాన్ని ఇరాన్ కథ తలకిందులు చేసి చూపిస్తుంది. 1906లో అక్కడ రాజ్యాంగం, పార్లమెంటు కోసం జరిగిన పోరులో మతపెద్దలు ముందు వరసలో నిలిచారు. 1936లో రెజా షా పోలీసుల చేత స్త్రీల ముసుగులు బలవంతంగా తీయించాడు. 1953లో ఎన్నికల రాజకీయం నుంచి వచ్చిన మొసాదెక్ ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల అండతో కూల్చారు. 1979 తర్వాత వచ్చినవాళ్లు పోలీసుల చేతనే ముసుగులు బలవంతంగా వేయించారు. తీయించినవాడూ వేయించినవాడూ ఆ స్త్రీని అడగలేదు. ఆ దేశంలో ప్రజాస్వామ్యాన్ని భక్తి చంపలేదు, విదేశీ బలమూ స్వదేశీ బలమూ వంతులవారీగా చంపాయి. దీనికి ఎదురుగా ఇండోనేషియా ఉంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలున్న ఆ దేశంలో 1998లో సుహార్తోను దించింది సొంత జనమే. కోట్లమంది సభ్యులున్న నహ్‌దతుల్ ఉలమా, మహమ్మదియా వంటి మత సంస్థలు ఎన్నికల పక్షాన నిలిచాయి. రాజనీతి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ స్టెపాన్ చెప్పిన జంట సహనాలు ఇవే. ఎన్నికైన ప్రభుత్వం నిర్ణయాల మీద మతసంస్థలు వీటో కోరకూడదు, విశ్వాసుల ఆరాధన మీద, సంఘ జీవితం మీద ప్రభుత్వం కత్తి దూయకూడదు. ఈ రెండూ ఉంటే చాలు, భక్తి తగ్గాల్సిన పనిలేదు. భక్తీ సభా కలిసి నడిచిన ఆనవాలు మన డెల్టాలోనూ ఉంది. రేపల్లె దగ్గరి భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో 1892లో దొరికిన ధాతుపేటికల శాసనాల్లో నిగమ సభ్యుల పేర్లు, గోష్ఠి పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. రాజు కుబిరకుడు కూడా అక్కడ ఒక గోష్ఠికి ముఖ్యుడిగానే కనిపిస్తాడు. అది ప్రజాస్వామ్యం కాదు. కానీ మతం పని మీద నలుగురూ సభగా కూడే అలవాటు ఈ నేలకు కొత్తది కాదు.

హైదరాబాదు ఎందుకు భిన్నం?

సైన్యం వెళ్లి ప్రజాస్వామ్యం తెచ్చిన ఉదాహరణ మన తెలుగువాళ్ల మధ్యే ఉంది కదా అని అడగవచ్చు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. మతం పేరుతో చెలరేగిన రజాకార్ల ఆట కట్టింది. 1952కల్లా వయోజన ఓటుతో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నిజమే. కానీ ఈ విజయం ఉచితంగా రాలేదు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత మరఠ్వాడాలో, ఇతర జిల్లాల్లో 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. హతుల్లో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక అరవై ఏళ్లకు పైగా అరల్లో మగ్గింది. బలప్రయోగాన్ని పొగిడే ఎవరైనా ఈ అంకె కూడా పలకాలి.

అయినా హైదరాబాదు బాగ్దాద్ కాలేదంటే మూడు కారణాలున్నాయి. మొదటిది, సైన్యం రాకముందే జనం కదిలారు. 1901 నుంచి గ్రంథాలయాలు, 1930 నుంచి ఆంధ్ర మహాసభలు, 1946 నుంచి రైతాంగ సాయుధ పోరు. నిజాం మీద పోరాటం ఢిల్లీ నుంచి దిగుమతి కాలేదు. రెండోది, కూల్చినవాళ్లు అంతా ఊడ్చిపారేయలేదు. నిజామే 1956 దాకా రాజప్రముఖ్‌గా కొనసాగాడు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. సైనిక గవర్నరు పాలన ఏడాదిన్నరలోపే ముగిసింది, ఆ సైన్యంతో పోరాడిన కమ్యూనిస్టులు 1952లో ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరుతో పోటీ చేసి తెలంగాణలో బలమైన ప్రతిపక్షంగా సభలోకి వచ్చారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. నిన్నటిదాకా జైల్లోనో అడవిలోనో ఉన్నవాడు ప్రభుత్వాన్ని సభలో నిలదీశాడు. వచ్చిన సైన్యానికి ఆజ్ఞ ఇచ్చే పార్లమెంటులో హైదరాబాదు జనానికి వాటా దొరికింది. ఇరాకీకి అమెరికా కాంగ్రెసులో ఓటు లేదు.

మన ఓటు లేని పార్లమెంటు ఎక్కడో ఉంటే చాలదని కూడా మన జిల్లాలకు తెలుసు. పార్లమెంటులకు తల్లినని చెప్పుకున్న బ్రిటన్ పోలీసులు 1942 ఆగస్టు 12న తెనాలిలో జనం మీద కాల్పులు జరిపి ఏడుగురిని చంపారు. లండన్‌లో ప్రజాస్వామ్యం ఉండటం ఆ కాల్పులు జరిగిన రణరంగ్ చౌక్‌లో పడినవారికి అక్కరకు రాలేదు.

బలం అసలే వద్దా?

అలాగని బలమే పనికిరాదంటే అది మరో రకం మోసం. ఊరి సమ్మతి అనే మాటలో ఊళ్లో ఎవరి సమ్మతి అన్న ప్రశ్న దాగుంటుంది. 1985 జులై 17న చీరాల దగ్గరి కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గరి చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. ఈ ఊళ్లలో అప్పటికి మూడు నాలుగు దశాబ్దాలుగా ఓట్లు పడుతున్నాయి. ఓటు వచ్చిందని కులం దిగిపోలేదు. భారత నేల మీద ప్రజాస్వామ్యం పైపూత మాత్రమేనని రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించింది ఇందుకే. అంటరానితనం రద్దు, ఆలయ ప్రవేశం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఊరి పెద్దల సమ్మతి తీసుకుని రాలేదు, రాకూడదు కూడా. చట్టం వెనుక పోలీసు లాఠీ ఉండాల్సిందే.

అయితే ఆ లాఠీ ఎవరిది? ఆలయ ప్రవేశ చట్టం చేసిన సభను ఎన్నుకున్నవాళ్లలో ఈ ఊళ్లవాళ్లూ ఉన్నారు. ఆ చట్టం నచ్చనివాడికి కోర్టు ఉంది, మరో ఎన్నిక ఉంది. రక్షణ కోరినవాడూ అదే రాజ్యాంగం కింద పౌరుడు. సొంత పౌరుల్లో బలహీనుడి కోసం, సొంత పౌరులకే జవాబుదారీ అయిన ప్రభుత్వం వాడే బలం అది. దాన్ని విదేశీ విమానాల బాంబులతో ఒక గాటన కట్టడం అన్యాయం. ఇక్కడ మన వైఫల్యం బలం వాడటం వల్ల రాలేదు, సమయానికి వాడకపోవడం వల్ల వచ్చింది. చుండూరు బాధితులు తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. ఘటన జరిగిన పదహారేళ్లకు, 2007 జులై 31న, ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వాళ్లందరినీ నిర్దోషులుగా వదిలేసింది. 23 ఏళ్ల తర్వాత ఎనిమిది హత్యలకు హంతకుడు లేకుండా పోయాడు. దేశాలు దాటి ప్రజాస్వామ్యం పంచిపెడతామనేవాళ్లు, సొంత ఊళ్లో న్యాయం చేతికందడానికి ఎన్నేళ్లు పడుతుందో ఒకసారి లెక్క చూసుకోవాలి.

విధానంగా ఏం చేయాలి?

ఈ అనుభవాల నుంచి మన విదేశాంగ విధానానికి వచ్చే పాఠాలు స్పష్టం. బయటి సైన్యంతో పాలన మార్పు అనే ప్రతిపాదనను, అది ఏ అగ్రరాజ్యం నుంచి వచ్చినా, ఎంత దుష్ట పాలకుడి మీద వచ్చినా భారత్ సమర్థించకూడదు. సాయం చేయదలిస్తే భవనాలకంటే ముందు మనుషుల మీద ఖర్చుపెట్టాలి. ఓటర్ల జాబితా తయారీ, ఎన్నికల నిర్వహణ, గ్రామసభ, స్థానిక పన్ను, ఆడిట్, కిందిస్థాయి కోర్టు మన దగ్గర చేయి తిరిగిన పనులు. ఎక్కడైనా యుద్ధం తర్వాత వ్యవస్థ కట్టాల్సి వస్తే జాతీయ ఎన్నికల కంటే ముందు ఊరి ఎన్నికలు జరగాలి. జనం మొదట తమ మురుగు కాలువకు బాధ్యుడైనవాణ్ని ఎన్నుకుని, నచ్చకపోతే దించడం నేర్వాలి. మతపెద్దల్ని శత్రువులుగా చూసి బయటకు నెట్టకూడదు. ఎన్నికల్లో పోటీ చేసేవాడు ఓడితే ఇంటికి పోతానని ఒప్పుకుంటే చాలు, అతను రోజుకెన్నిసార్లు ప్రార్థన చేస్తాడన్నది ప్రభుత్వానికి అక్కర్లేని సంగతి. ఆ మాట ఒప్పుకోనివాడు నాస్తికుడైనా ప్రజాస్వామ్యానికి శత్రువే.

భక్తి ఎక్కువైన జనం ప్రజాస్వామ్యానికి పనికిరారన్న వాదం ఈ దేశంలో పుట్టినవాళ్ల నోట అసలు రాకూడదు. 1951లో మన గురించి కూడా అదే అన్నారు. బలంతో తేవచ్చన్న వాదానికి కాబూల్ సమాధానం చెప్పింది. ఈ రెంటి మధ్య మిగిలిన దారి నెమ్మదైనది, ఖర్చు తక్కువది. అధికారాన్ని జనానికి దగ్గరగా పెట్టాలి, దాన్ని వెనక్కి లాక్కునే వీలు జనం చేతిలోనే ఉంచాలి.

ఆ వీలు మన దగ్గరే సడలిపోతోంది. పంచాయతీకైనా మున్సిపాలిటీకైనా ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-ఇ, 243-యు అధికరణలు స్పష్టంగా చెబుతున్నాయి. 2018 ఆగస్టులో గడువు తీరిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గానీ ఎన్నికలు జరగలేదు. మధ్యలో రెండున్నరేళ్లు గ్రామాలను ప్రత్యేకాధికారులు ఏలారు. వాళ్ల మీద అవిశ్వాసం పెట్టే హక్కు ఏ గ్రామానికీ లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా గడువులోపే స్థానిక ఎన్నికలు జరిపి తీరాలని పౌరులు పట్టుబట్టాలి, వాయిదా వేసిన ప్రభుత్వాన్ని కోర్టులో, ఓటు పెట్టె దగ్గర నిలదీయాలి.